పీచు, నార మన దగ్గరే ఉన్నాయి; ఎస్టిమేటులోనే చోటు లేదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. కొబ్బరి పీచు, గోగునార వంటివి కలిపి ఇంటి నిర్మాణానికి పనికొచ్చే సామగ్రిని తయారు చేయవచ్చునంటూ మీ పత్రిక జిల్లా అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. మన ఉత్తరాంధ్రకు ఇంత దగ్గరి విషయాన్ని పట్టించుకున్నందుకు సంతోషం. అయితే ఆ కథనం చదివిన మా ఊరి తాపీమేస్త్రి ఒకాయన మర్నాడే వచ్చి, “అయితే బాబూ, ఇక స్లాబులో ఊచలు తగ్గించి పీచు వేసీవచ్చా?” అని అడిగాడు. నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదిది. అలా అనుకున్నవారు మరికొందరు ఉండకపోరు. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి విరమించినవాడిగా, ఈ పీచు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో, పనికొచ్చే చోట కూడా మన జిల్లాల్లో ఎందుకు వాడుకలోకి రావడం లేదో చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మేస్త్రి ప్రశ్నకు సూటి సమాధానం: ఊచలు తగ్గించకూడదు. సిమెంటు కాంక్రీటు మీద బరువు పెడితే తట్టుకుంటుంది కాని, లాగితే తట్టుకోలేదు. అందుకే స్లాబు అడుగున, దూలం కింది వైపున, లాగుడు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ ఊచలను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేస్తారు. అంగుళం, రెండంగుళాల పీచు ముక్కలు కాంక్రీటంతటా చెల్లాచెదురుగా పడి ఉంటాయి కాబట్టి అవి ఎంత గట్టివైనా ఊచ చేసే పని చేయలేవు. పీచు చేసే పని వేరు. సిమెంటు మాలు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎండ, గాలి ఎక్కువగా ఉన్న రోజున మొదటి కొన్ని గంటల్లోనే పైన వెంట్రుకవాసి నెర్రెలు పుడతాయి. అలా పుట్టిన నెర్రె వెడల్పు కాకుండా దాని రెండంచులనూ పట్టి ఉంచడమే పీచు పని. దెబ్బ తగిలినప్పుడు పీచు లేని పలక ఒక్కసారిగా రెండు ముక్కలైపోతే, పీచు ఉన్న పలక పగిలినా విడిపోకుండా నిలుస్తుంది. బరువు మోసే శక్తి మాత్రం పీచు వల్ల చెప్పుకోదగ్గంతగా పెరగదు, మోతాదు మించితే తగ్గుతుంది కూడా. ప్రచారం చేసేవారు ఈ మాటను ఎందుకో చిన్న అక్షరాల్లోనైనా వేయరు.

ఇక నారలన్నీ ఒకే తీరువి కావు. జనపనార పోగు 400 నుంచి 800 మెగాపాస్కల్ (లాగుడు బలాన్ని కొలిచే ప్రమాణం) వరకు లాగుడును తట్టుకుంటుంది, గోగునార కూడా ఆ కుటుంబానిదే; కొబ్బరి పీచు 100 నుంచి 200 దగ్గరే తెగిపోతుంది. ఈ అంకె ఒక్కటే చూసి కొబ్బరి పీచును పక్కన పెట్టడం సరికాదు. జనపనార తన పొడవులో ఒకటి రెండు శాతం సాగేసరికి పుటుక్కున తెగుతుంది. కొబ్బరి పీచు 15 నుంచి 30 శాతం దాకా సాగితే గాని తెగదు. దానిలోని సన్నని తంతువులు నిలువుగా కాక బాగా వాలుగా మెలిక తిరిగి ఉండడం ఇందుకు కారణం. పైగా చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం కొబ్బరి పీచులో 40 శాతానికి పైగా ఉంటుంది కనుక అది త్వరగా కుళ్లదు, చెదలు కూడా దాని జోలికి అంత తేలికగా రావు. ఉప్పునీటిలో నానే మోకులకు తరతరాలుగా కొబ్బరి పీచునే వాడింది ఇందుకే. నెర్రెలు ఆపడానికి సాగే గుణమే ముఖ్యం కాబట్టి, గోడపూతకు కొబ్బరి పీచు మేలు. గట్టిదనం కావలసిన పలకలకు, నేతకు గోగునార మేలు.

సిమెంటుకూ నారకూ మధ్య ఒక తగవు ఉంది. దీనిని దాచిపెట్టి మాట్లాడితే జనాన్ని మోసగించినట్లే. సిమెంటు లోపలి తడి బాగా క్షారం, క్షారాన్ని కొలిచే పీహెచ్ అంకె అందులో 12.5కు తక్కువ ఉండదు. ఆ క్షారం కాలక్రమంలో నారలోని లిగ్నిన్‌నూ, పోగులను అంటించి ఉంచే ఇతర పదార్థాలనూ కరిగిస్తుంది. సిమెంటు నుంచి వచ్చే సున్నం నార లోపలి సన్నటి గొట్టాల్లో చేరి గడ్డకడుతుంది. దానితో సాగే నార కాస్తా పెళుసుబారి, మొదటి ఏడాది ఉన్న గుణం కొన్నేళ్లకు ఉండదు. తడవడం, ఆరడం మార్చి మార్చి జరిగే చోట, అంటే మన వానలకు నేరుగా గురయ్యే గోడల్లో, ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. దీనికి మందు కూడా ఉంది. సిమెంటులో కొంత భాగం తగ్గించి ఆ స్థానంలో ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) గాని, వరి ఊక బూడిద గాని కలిపితే, అవి ఆ మిగులు సున్నాన్ని తినేసి క్షారాన్ని తగ్గిస్తాయి. ఫ్లైయాష్ మనకు కొత్త కాదు, దానితో చేసిన ఇటుకలే ఇప్పుడు కాలనీల నిండా కనిపిస్తున్నాయి. ఊక బూడిద సంగతిలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. రైసుమిల్లు బాయిలరు దగ్గర గుట్టలుగా పోసి ఉండే నల్లటి బూడిద అలాగే తెచ్చి కలిపితే పని జరగదు. సగం కాలిన ఊకలో బొగ్గు మిగిలి ఉంటుంది, మరీ ఎక్కువ వేడిలో కాలినదేమో సున్నంతో కలవని గుణానికి వస్తుంది. సుమారు 600, 700 డిగ్రీల వద్ద అదుపుగా కాల్చి, మెత్తగా నూరిన బూడిదే పనికొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇన్ని రైసుమిల్లులు ఉండగా అలాంటి బూడిదను ఒక సరుకుగా తయారు చేయాలన్న ఆలోచన ఇంకా ఊపందుకోలేదు.

గోడపూతలో పీచు కలపడం చెప్పినంత తేలిక కాదు, అలాగని బ్రహ్మవిద్యా కాదు. పీచును ముందు కడిగి పొట్టు, ఉప్పు పోగొట్టాలి. అంగుళం ముక్కలుగా కోయాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున్న నీడలో పరచి, పైతడి మాత్రం ఆరనివ్వాలి. పొడి పీచు తన బరువుతో సమానమైన నీటిని పీల్చగలదు కనుక నానబెట్టకుండా కలిపితే మాలులో సిమెంటుకు కావలసిన నీటిని అదే తాగేస్తుంది. తరువాత పీచును పొడి ఇసుకలో చేత్తో కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి, ఆ పైన సిమెంటు వేసి, చివర నీళ్లు పోయాలి. ఈ వరస తప్పి తడి మాలులో పీచు గుప్పెడు పడేస్తే, మరిగే ఎసట్లో ఉప్మారవ్వ ఒక్కసారిగా పోసినట్లు ఉండలు కడుతుంది. మోతాదు సిమెంటు బరువులో 1 శాతం, అంటే 50 కిలోల బస్తాకు అరకిలో, చాలు. మా ఇంటి వెనుక ప్రహరీకి సగం మేర ఇలా పూత వేయించాను, మిగతా సగం మామూలు పూతే. పని చేసిన మేస్త్రి మొదట విసుక్కున్నాడు: పీచు కొసలు తాపీకి తగులుకొని లేచి వస్తున్నాయని, చెక్కతో రుద్దితే గోడ గడ్డం మాసినట్లు ఉందని. దానికి ఉపాయం చివరకు ఆయనే చెప్పాడు. మనం ప్రభుత్వ పనుల్లో 20 మిల్లీమీటర్ల పూతను 16 మిల్లీమీటర్ల మొదటి పూతగా, 4 మిల్లీమీటర్ల పైపూతగా వేస్తాం కదా. పీచును మొదటి పూతలోనే ఉంచి పైపూతను మామూలుగా వేస్తే సరిపోతుందన్నాడు. సరిపోయింది. కొన్ని వానాకాలాలు గడిచాక ఇప్పుడు చూస్తే పీచు వేసిన సగంలో నెర్రెలు తక్కువ. ఒక్క గోడను బట్టి ఏదీ రుజువైనట్లు కాదని నాకు తెలుసు. రుజువు కావాలంటే ఏం చేయాలో కింద రాస్తాను.

నిజానికి నార ఇమిడే చోటు సిమెంటు కంటే మట్టి. మట్టిలో ఆ క్షారం బెడద లేదు. తీరం వెంబడి మన ఊళ్లలో ఒకప్పుడు కనిపించిన చుట్టిళ్లను గుర్తున్నవారు గుర్తు చేసుకోవచ్చు: గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు, గాలివాన వచ్చినా కొట్టడానికి ఒక మూలంటూ దొరకని ఆకారం. ఆ గోడల మట్టిని వరిగడ్డి ముక్కలు, ఊక వేసి కాళ్లతో తొక్కి, మగ్గబెట్టి గాని పెట్టేవారు కాదు. సీతంపేట కొండల్లో సవరల ఇళ్లకు వెదురు తడికల మీద మట్టి మెత్తడం, మైదానంలో నార తీసేసిన గోగు పుల్లలతో తడికలు కట్టి పేడమట్టి అలకడం ఇదే విద్య. అయితే ఆ రోజులే బాగున్నాయని నేను అనడం లేదు. ఏడాదికోసారి గోడ అలికే ఓపిక ఇప్పుడు ఏ ఇల్లాలికీ లేదు, ఉండాలని కోరడం న్యాయమూ కాదు. మట్టి ఇల్లంటే పేదరికానికి గుర్తు అన్న భావం కూడా బలంగా నాటుకుంది. దీనికి మధ్యేమార్గం యంత్రంతో ఒత్తిన మట్టి దిమ్మెలు. కొద్ది శాతం సిమెంటుతో మట్టిని స్థిరపరచి, యంత్రంలో ఒత్తి, కాల్చకుండా ఆరబెట్టే ఈ దిమ్మెలకు ఐఎస్ 1725 అనే భారత ప్రమాణం ఎప్పటి నుంచో ఉంది, 2013లో దానిని సవరించారు కూడా. అందులో కొద్దిగా పీచు ముక్కలు కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి, లారీలో ఎత్తి దించేటప్పుడు అంచులు రాలడమూ తగ్గుతుంది. బట్టీలో కాల్చే కట్టెలూ బొగ్గూ మిగులుతాయి. ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తున్న రోజుల్లో, గోడకు అవసరమైనంత మేరకే సిమెంటు వాడడం అనే మాటకు విలువ ఉంది.

కప్పుల సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. మన పల్లెల్లో పశువుల శాల నుంచి వంటింటి దాకా పరచిన సిమెంటు రేకుల్లో అధిక భాగం ఆస్‌బెస్టాస్ (రాతినార) రేకులే. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. మామూలుగా ఉన్న రేకు కంటే పగిలిన రేకు, కోసిన రేకు ప్రమాదకరం. తుపాను వచ్చినప్పుడల్లా ఊరంతా పగిలిన రేకులే కదా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల కప్పులకు ఏ గతి పట్టిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ముక్కలను ఒట్టి చేతులతో ఏరి, వీధి గుంతల్లో పూడ్చడం ఇప్పటికీ జరుగుతోంది. ఆస్‌బెస్టాస్ బదులు చెక్కగుజ్జు నారతో సిమెంటు పలకలు చేయడం ఆస్ట్రేలియాలో 1980ల్లోనే పెద్ద ఎత్తున మొదలైంది. మన దేశంలోనూ రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ కొబ్బరి పీచు వృథాను సిమెంటుతో కలిపి ముడతల రేకులు చేసే పద్ధతిని దశాబ్దాల క్రితమే రూపొందించింది. వెదురు చాపలను జిగురుతో ఒత్తి చేసే ముడతల రేకులకైతే 2004లో భారత ప్రమాణమే వచ్చింది. వెదురు మన ఏజెన్సీలో ఉంది, పీచు మన ఉద్దానంలో ఉంది, రేకు మాత్రం ఇంకెక్కడి నుంచో వస్తోంది.

కవిటి, కంచిలి, సోంపేట వైపు కొబ్బరి డొక్క నుంచి పీచు తీసే పని ఉంది. దానిలో చాలా భాగం తాళ్లకు, పరుపులకు బయటి ప్రాంతాలకు పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం మెట్టభూముల్లో ఒకప్పుడు విరివిగా వేసిన గోగుకు ఇప్పుడు విస్తీర్ణం బాగా పడిపోయి, ఆ నేలల్లో మొక్కజొన్న చేరింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీదే పనిచేసి ఏఎంవీ వరసలో మంచి గోగు రకాలు ఇచ్చింది కాని, రైతు వెనక్కి తగ్గింది విత్తనం లేక కాదు. కోసిన కట్టలను చెరువులో ఊరవేయడానికి నీళ్లు కావాలి. నడుం లోతు మురుగునీటిలో నిలబడి నార తీసే కూలీలు కావాలి. ఇవి రెండూ దొరకడం లేదు, దొరికినా తరువాత వచ్చే ధర ఆ కష్టానికి సరిపోవడం లేదు. గోడపూతలో నార కలిపితే గోగు రైతు గట్టెక్కుతాడని కొందరు అంటున్నారు. లెక్క చూస్తే ఆ మాట నిలబడదు. బస్తా సిమెంటుకు అరకిలో చొప్పున ఒక చిన్న ఇంటికి ఎంత నార పడుతుంది? కొన్ని కిలోలు. నారను నిజంగా టన్నుల్లో మింగేవి పలకలు, రోడ్ల కింద పరిచే నేత గుడ్డలు.

రోడ్ల మాట వచ్చింది కనుక ఒక పాత లెక్క అడగాలి. కొబ్బరి పీచుతో నేసిన వల వంటి గుడ్డను, దానినే భూవస్త్రం అంటున్నారు, మెత్తటి నేలపై పరచి దాని మీద రోడ్డు వేస్తే, కింది మట్టి పైకి రాకుండా, పైకంకర కిందికి దిగకుండా ఆపుతుంది, నీటిని మాత్రం పోనిస్తుంది. రెండు మూడేళ్లలో అది మట్టిలో కలిసిపోతుంది. అప్పటికి కింది నేల గట్టిపడి ఉంటుంది కనుక దాని అవసరమూ తీరిపోతుంది. కాలవ గట్ల మీద పరిస్తే గడ్డి వేళ్లు దిగేదాకా మట్టి కోతను ఆపుతుంది. నాగావళి, వంశధార కరకట్టలకు ఏటా పోసే మట్టి ఎంత కొట్టుకుపోతుందో తెలిసినవారికి దీని విలువ అర్థమవుతుంది. ఈ గుడ్డకు 2008లోనే భారత ప్రమాణం ఉంది. 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశ రోడ్లలో దీనిని వాడాలని కేంద్రం నిర్ణయించినప్పుడు ఏడు రాష్ట్రాలకు కలిపి 1,674 కిలోమీటర్లు అనుకుంటే, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164 కిలోమీటర్లు. ఆ 164లో మన రెండు జిల్లాలకు ఎన్ని వచ్చాయి, అవి ఏ రోడ్లు, పరిచిన గుడ్డ ఎక్కడిది, ఇప్పుడు ఆ రోడ్ల స్థితి ఏమిటి అన్నది అధికారులు ప్రజల ముందు పెట్టాలి.

అసలు అడ్డంకి ఎక్కడుందో ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసినవారందరికీ తెలుసు. ప్రభుత్వ పనిలో ఏ వస్తువునైనా వాడాలంటే అది ముందు ఎస్టిమేటులో రావాలి. ఎస్టిమేటులో రావాలంటే ఎస్ఎస్ఆర్‌లో, అంటే ఏటా వెలువడే ప్రామాణిక ధరల పట్టికలో, దానికి ఒక రేటు ఉండాలి. రేటు లేని వస్తువును రాసిన ఇంజినీరు ఆడిట్‌కు సమాధానం చెప్పుకోవాలి, క్వాలిటీ కంట్రోల్‌కు సమాధానం చెప్పుకోవాలి, చివరికి బిల్లు ఆగిన కాంట్రాక్టరుకూ చెప్పుకోవాలి. ఆ తలనొప్పి ఎవరు పడతారు? అందువల్ల పరిశోధన ఎంత బాగున్నా అది పరిశోధన సంస్థ గడప దాటి మండల కార్యాలయం దాకా రాదు. ఈ విషయంలో ఇంజినీర్లను తప్పు పట్టడం అన్యాయం.

కనుక నా విన్నపం పరిమితమైనది. పీచు కలిపిన మొదటి పూతకు, పీచు కలిపిన మట్టి దిమ్మెలకు ఎస్ఎస్ఆర్‌లో ప్రయోగాత్మక రేటు ఒకటి చేర్చి, బరువు మోయని గోడలకు, ప్రహరీలకు, అంగన్‌వాడీల వంటి చిన్న భవనాల పూతకు మాత్రమే అనుమతించాలి. స్లాబులకూ దూలాలకూ అనుమతి లేదని అదే ఉత్తర్వులో రాయాలి. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయానికీ, రాజాం, టెక్కలిల్లోని ఇంజినీరింగ్ కళాశాలలకూ ఈ పరీక్షలు అప్పగించవచ్చు. ఏటా వందలమంది సివిల్ విద్యార్థులు చేసే ప్రాజెక్టుల్లో కొన్నింటిని దీనికి మళ్లిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. అయితే వారు ప్రయోగశాలలో 28 రోజులకు దిమ్మె పగలగొట్టి అంకె రాసి వదిలేస్తే చాలదు, ఎందుకంటే నార పెళుసుబారడం అనే జబ్బు 28 రోజుల్లో బయటపడదు. కళింగపట్నం, భావనపాడు వంటి ఉప్పుగాలి తగిలే చోట ఒక గోడ, లోపలి మెట్ట ప్రాంతంలో ఒక గోడ కట్టి, ఒక్కొక్క గోడలో మామూలు పూత, పీచు పూత, పీచుతో పాటు ఫ్లైయాష్ కలిపిన పూత పక్కపక్కనే వేసి, కనీసం మూడు వానాకాలాలు వదిలేయాలి. ఏటా అక్టోబరు తుపానుల తరువాత నెర్రెల పొడవు, వెడల్పు కొలిచి, పూతలో నుంచి కొంత పీచు తీసి దాని బలం ఎంత మిగిలిందో పరీక్షించాలి. ఫలితం పీచుకు అనుకూలంగా వచ్చినా, ప్రతికూలంగా వచ్చినా, ఆ అంకెలను మీ పత్రిక జిల్లా అనుబంధంలోనే యథాతథంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగ విశ్రాంత ఉద్యోగి,
నెల్లిమర్ల మండలం, విజయనగరం జిల్లా.